నురుగు గూళ్ల వెంట పది రాత్రులు: అంబోలీ, ఆగుంబె, కొడగు

మహారాష్ట్ర కొండల్లోని అంబోలీలో మేం దిగిన ఇంటి వెనక, గిన్నెలు కడిగే చోట ఒక సిమెంటు తొట్టి ఉంది. దాని మీదికి వంగిన కొమ్మకు అరచేతి మందాన తెల్లటి నురుగు ముద్ద అంటుకుని ఉంటే, ఎవరో సబ్బు నురుగు విదిలించారనుకున్నాను. మా అమ్మాయి తలకు కట్టుకున్న లైటు వెలుతురు తగ్గించి, "నాన్నా, అది గూడు. కొమ్మ కదపకు" అంది.

నాకు వెంటనే మా ఊరు గుర్తొచ్చింది. కోనసీమలో మా పెరటి గోలెం లోపలి అంచున వానాకాలంలో సరిగ్గా ఇలాంటి నురుగే కనిపించేది. స్నానానికి నీళ్లు తోడుకునేముందు కొబ్బరి చీపురుతో గీసి పారేసేవాళ్లం. ఏళ్ల తరబడి అలా ఎన్ని వందల గుడ్లను మట్టిలో కలిపానో ఆ తొట్టి దగ్గర నిలబడ్డాకగానీ నాకు అర్థం కాలేదు. మన ఇళ్లలో స్నానాల గది గోడకు అతుక్కుని కూర్చునే గోధుమరంగు కప్ప కూడా చెట్టు కప్పే. శాస్త్రీయ నామం పాలిపెడేటిస్ మాక్యులేటస్. అంబోలీలో మాకు కనిపించిన గూడు దాని చుట్టానిది, మలబార్ ఎగిరే కప్పది.

అమ్మాయి డిగ్రీలో జంతుశాస్త్రం చదువుతోంది. పడమటి కనుమల చెట్టు కప్పలను వానాకాలంలో, అవి గుడ్లు పెట్టే వేళ చూడాలని రెండేళ్లుగా అడుగుతోంది. జూన్ చివరి వారంలో బయలుదేరాం. హైదరాబాదు నుంచి బెళగావికి రాత్రి బస్సు, అక్కడి నుంచి సావంత్‌వాడి వైపు వెళ్లే బస్సులో అంబోలీ. తరువాత సావంత్‌వాడిలో కొంకణ్ రైలెక్కి ఉడుపి, అక్కడి నుంచి ఘాట్ రోడ్డు మీదుగా కర్ణాటకలోని ఆగుంబె. చివరగా మంగళూరు మీదుగా కొడగు (కూర్గ్) జిల్లాలోని మడికేరి. తిరుగు ప్రయాణం మైసూరు నుంచి కాచిగూడ రైల్లో. సొంత కారు లేకుండా ఈ మూడు చోట్లకూ హాయిగా వెళ్లి రావచ్చు. కాకపోతే వానకు ఘాట్ రోడ్ల మీద కొండచరియలు విరిగిపడే రోజులు ఉంటాయి కాబట్టి ప్రతి మజిలీకీ ఒక రోజు అదనంగా పెట్టుకోవాలి.

అంబోలీ చిన్న ఊరు. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున, ఎర్రమట్టి, జంబిటిరాయి మీద ఉంది. కప్పలను మొదటిసారి చూడబోయేవారికి నేను ముందుగా చెప్పేది ఈ ఊరే. ఎందుకంటే ఇక్కడ అడవిలోకి చొరబడవలసిన పని లేదు. ఊరి తొట్లు, బావులు, రోడ్డు పక్క గుంటల మీదికి వంగిన కొమ్మల్లోనే ఎగిరే కప్పలు సంసారం చేస్తాయి. రెండో రాత్రి జోరున వాన పడి తెరిపి ఇచ్చాక మాకు ఆ దృశ్యం దొరికింది. ఆడ కప్ప పెద్దది, పది సెంటీమీటర్ల దాకా ఉంటుంది. లేత అరటాకు రంగు వీపు, వేళ్ల మధ్య పొరలు మాత్రం కాషాయం కలిసిన ఎరుపు. వీపు మీద చిన్న మగ కప్పను మోస్తూ, కొమ్మను ముందుకాళ్లతో పట్టుకుని, తన ఒంటి నుంచి వచ్చే జిగురు ద్రవాన్ని వెనకకాళ్లతో మజ్జిగ చిలికినట్టు చిలుకుతోంది. చూస్తుండగానే ద్రవం నురుగై పొంగింది. గుడ్లు ఆ నురుగులోనే ఉంటాయి. పని సాగుతుండగా చుట్టుపక్కల ఆకులను కాళ్లతో లాక్కుని నురుగుకు అంటించింది. మేం గొడుగుల కింద గంటన్నర నిలబడ్డాం. ఇద్దరం ఒక్క మాట మాట్లాడలేదు.

నురుగు పైపొర ఆరి గట్టిపడుతుంది, లోపల తడి నిలుస్తుంది. కొద్ది రోజులకు పిల్లలు తోకలతో కదలడం మొదలుపెట్టేసరికి గూడు అడుగు కరిగి, అవి చినుకుల్లా కింది నీళ్లలోకి జారిపడతాయి. నీళ్లలోనే గుడ్లు పెడితే చేపలు, పురుగులు తినేస్తాయి. అందుకే తల్లి గుడ్లను గాలిలో వేలాడదీసి, పిల్లలకు ఈదే శక్తి వచ్చాకే నీళ్లకు అప్పగిస్తుంది. అయితే ఈ లెక్కంతా ఒక్కదాని మీద నిలబడి ఉంది: గూటి కింద నీళ్లు ఉండాలి. తొట్టి ఎండినా, ఎవరైనా కొమ్మను పక్కకు తిప్పినా పిల్లలు పొడినేల మీద పడతాయి.

దీని ఎగురుడు గురించి కూడా చెప్పాలి. ఇది పక్షిలా ఎగరదు. నాలుగు పాదాల పొరలనూ గొడుగుల్లా విప్పి, ఎత్తైన కొమ్మ నుంచి ఏటవాలుగా తేలుతూ దిగుతుంది. తొమ్మిది నుంచి పన్నెండు మీటర్ల దాకా అలా వెళ్లగలదు. మేం చూసింది మాత్రం ఒకే ఒక్క గెంతు. అది మూడు మీటర్లు కూడా ఉండదు. అయినా విప్పిన ఆ ఎర్రటి పాదాలు లైటు వెలుగులో ఒక్క క్షణం మెరిసిన తీరు ఇంకా నా కళ్లలోనే ఉంది.

అంబోలీలో బాగాలేనివి రెండు. మొదటిది వారాంతం. శని, ఆదివారాల్లో జలపాతం దగ్గరికి వచ్చే కార్ల వరసకు అంతు లేదు. రాత్రి రోడ్డు దాటే కప్పలు చక్రాల కింద నలిగిపోతాయి. ఈ ఊరి చుట్టుపట్లే ఉండే, 2009లో శాస్త్రలోకానికి పరిచయమైన పులిచారల అంబోలీ టోడ్‌కు కూడా ఇదే ముప్పు. అందుకే సోమవారం దిగి గురువారం వెళ్లిపోయేలా చూసుకోండి. రెండోది గైడు ఎంపిక. మొదటి రాత్రి మాతో వచ్చిన మనిషి కప్పను చేత్తో పట్టి నా ఫోను ముందు పెట్టబోయాడు. అమ్మాయి వద్దని గట్టిగా చెప్పింది. కప్ప చర్మంతో కూడా శ్వాసిస్తుంది, నీళ్లు కూడా చర్మంతోనే పీల్చుకుంటుంది. మన చేతికి ఉన్న ఉప్పు, దోమల మందు దానికి హాని చేస్తాయి. మరుసటి రాత్రి వేరే కుర్రవాణ్ణి కుదుర్చుకున్నాం. అతను కొమ్మను కూడా తాకకుండా చూపించాడు, ముందే బూట్లు కడుక్కోమన్నాడు. చాలా దేశాల్లో కప్ప జాతులను తుడిచిపెట్టిన కైట్రిడ్ శిలీంధ్రం తడి మట్టితో కూడా ఒక చోటి నుంచి మరో చోటికి పోగలదు. మనిషికి ఎనిమిది వందలు తీసుకున్నాడు. అంతకు రెట్టింపు ఇచ్చినా తప్పు లేదనిపించింది.

ఆగుంబెకు చేరే దారే ఒక అనుభవం. సోమేశ్వర నుంచి పద్నాలుగు మలుపుల ఘాట్, మేఘంలో దూరినట్టు పైకి ఎక్కుతుంది. ఏడాదికి ఏడు వేల మిల్లీమీటర్లకు పైగా వాన కురిసే చోటు ఇది. మన హైదరాబాదులో కురిసేది ఎనిమిది వందలకు కాస్త అటూ ఇటూ. మూడు రోజుల్లో మా బట్టలు ఒక్కసారి కూడా ఆరలేదు. గది అద్దెతో కలిపి మూడు పూటల భోజనానికి మనిషికి రోజుకు 1,400 రూపాయలు తీసుకున్న పాత పెంకుటిల్లు అది. పొయ్యి పక్కన బట్టలు ఆరేసుకోనిచ్చారు. వేడి కషాయం అడక్కుండానే ఇచ్చేవారు. ఇంటి పెద్దావిడ అమ్మాయిని "మగళె" అని పిలుస్తూ జలగ కరిచిన చోట పసుపు అద్దింది.

కప్పల వరకు చూస్తే ఆగుంబెలో చెవికి అందినంత కంటికి అందలేదు. చుట్టూ ఉన్నది రక్షిత అరణ్యం. అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రిపూట లోపలికి వెళ్లకూడదు, వెళ్లే ప్రయత్నం కూడా చేయవద్దు. ఇది రాచనాగుల నేల. పాముల నిపుణుడు రోములస్ విటేకర్ 2005లో ఇక్కడ వర్షారణ్య పరిశోధన కేంద్రం నెలకొల్పింది కూడా వాటి కోసమే. ఇంటివారి వక్కతోటలో మాత్రం తిరిగాం. మొక్కమొక్క నుంచీ టిక్కుటిక్కుమనే శబ్దం వస్తుంది, లైటు వేసి వెతికితే ఏమీ ఉండదు. అరగంట వెతికాక ఒక ఆకు మీద బొటనవేలి గోరంత కప్ప దొరికింది. దాని గొంతు కింద స్వరసంచి బుడగలా పొంగి దాదాపు ఒంటి అంత పెద్దదైంది. అంత చిన్న ప్రాణి నుంచి అంత శబ్దమా అని ఆశ్చర్యపోయాను.

ఆగుంబెలో మాకు దక్కిన మంచి పాఠం మాత్రం కిటికీ అద్దం మీద దొరికింది. రాత్రి భోజనాల వేళ ఒక చెట్టు కప్ప బయటి నుంచి అద్దాన్ని పట్టుకుని పాకింది. లోపలి నుంచి దాని వేళ్ల కొసల్లోని గుండ్రటి మెత్తలను భూతద్దంతో చూడగలిగాం. ఆ మెత్తల మీద ఆరు పలకల కణాలు తేనెపట్టులా పేర్చినట్టు ఉంటాయని, వాటి మధ్య సన్నని కాలువల్లో జిగురు ద్రవం పారుతుందని అమ్మాయి చెప్పింది. తడి అద్దానికి తడి కాగితం అతుక్కున్నట్టే ఆ పలుచని ద్రవపు పొర పట్టు ఇస్తుంది. వేలి చివరి రెండు ఎముకల మధ్య అదనంగా చిన్న మృదులాస్థి కూడా ఉండటం వల్ల మెత్త ఎటు కావాలంటే అటు ఒంగి ఆనుతుంది. అమెరికా ఖండపు వర్షారణ్యాల చెట్టు కప్పలు వేరే కుటుంబానివి, హైలిడే. మన వైపువి రాకోఫోరిడే. దగ్గరి చుట్టరికం లేకపోయినా చెట్టెక్కే అవసరం రెండింటికీ ఇలాంటి వేళ్లనే ఇచ్చింది.

కొడగులో మొదటి రాత్రి డబ్బు దండగైంది. మడికేరి దగ్గర, లోయ కనిపించే పెద్ద రిసార్టు. రాత్రంతా తోటలో ఫ్లడ్ లైట్లు, సాయంత్రం దోమల పొగ. పద్దెనిమిది ఎకరాల పచ్చదనంలో ఒక్క కప్ప గొంతు వినబడలేదు. పొద్దున్నే ఖాళీ చేసి, కాఫీ తోటలో ఒక ముసలి దంపతుల హోమ్‌స్టేకు మారాం. గదికి 2,200. పడక మెత్తగా లేదు, వేడినీళ్లు బకెట్టుతో తెచ్చుకోవాలి. కానీ తొమ్మిదింటికల్లా ఇంటి బయటి దీపాలన్నీ ఆర్పేస్తారు. చెరువు గట్టున గడ్డి మందు కొట్టరు. "మందు ఆపిన రెండో ఏటే ఇవి తిరిగి వచ్చాయి సార్" అన్నాడు పెద్దాయన. ఆ రాత్రి తోటంతా మోగింది. వెదురు కొమ్ముల కూర, కడంబుట్టు (ఆవిరి మీద ఉడికించిన బియ్యపు ఉండలు) తిని, లైట్లు తీసుకుని మెట్లు దిగగానే మొదటి కప్ప. గడప నుంచి రెండు వందల అడుగుల లోపలే ఆ మూడు రాత్రుల్లో ఏడు రకాలు లెక్కపెట్టాం.

ఇక్కడ చూడవలసినవి పొద కప్పలు. రావోర్కెస్టిస్ అనే ప్రజాతివి. బెంగళూరు సెంట్రల్ కాలేజీలో జంతుశాస్త్రం బోధించి, కప్పల మీద మన దేశంలో తొలితరం పరిశోధన చేసిన సి.ఆర్. నారాయణరావు పేరు మీద 2010లో ఆ ప్రజాతికి నామకరణం చేశారు. పడమటి కనుమల్లోనే వీటి జాతులు అరవైకి పైగా ఉన్నాయి. ఒకే కొండల వరసలో ఇన్ని ఎందుకన్నది దారిపొడుగునా మేం మాట్లాడుకున్న విషయం. ఒక కారణం వీటి పిల్లలే. పొద కప్పకు నీళ్లలో ఈదే తోకకప్ప దశ లేదు. తేమ మట్టిలోనో, ఆకుల మీదో పెట్టిన గుడ్డులోనే పిల్ల అన్ని మార్పులూ ముగించుకుని, బియ్యపు గింజకు కాస్త పెద్దదైన పూర్తి కప్పగా బయటికి వస్తుంది. చెరువు అక్కరలేని ప్రాణి కొండ శిఖరం మీదా బతకగలదు. కానీ చల్లని ఆ కొండ దిగి, వేడి లోయ దాటి, పక్క కొండ ఎక్కలేదు. అలా లక్షల ఏళ్లు విడివిడిగా ఉండిపోయిన గుంపులు వేర్వేరు జాతులయ్యాయి. కేరళలోని ఆనముడి శిఖర ప్రాంతపు ఎర్రటి కప్ప ఆ ఎత్తుల్లో తప్ప ఇంకెక్కడా ఉండదు. దక్షిణాన తమిళనాడులోని కళక్కాడు అడవుల్లో ఒకటి వెదురు కణుపుల మధ్య బోలులోకి సన్నని చీలిక గుండా దూరి అక్కడే గుడ్లు పెడుతుంది, మగ కప్పే వాటికి కాపలా కాస్తుంది. 136 ఏళ్లు ఎవరి కంటా పడని ఆ కప్ప 2011లో మళ్లీ దొరికిందని ప్రకటించారు. అక్కడికి ఈసారి వెళ్లలేకపోయాం.

మేం వెతికి వెతికి చూసినది చిన్న ఎగిరే కప్ప గూడు. రాకోఫోరస్ లాటరాలిస్. 1883లో వర్ణించాక చాలా దశాబ్దాలు జాడలేక, తరువాత మళ్లీ బయటపడింది. ఇప్పుడు అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి. మూడు సెంటీమీటర్ల ఆ తల్లి గుడ్ల నురుగును ఒక ఆకు మీద పెట్టి, ఆకు అంచులను కాళ్లతో దగ్గరికి లాగి, విస్తరాకు పొట్లం కట్టినట్టు మూసేస్తుంది. పెద్దాయన చూపించిన పొట్లం చెరువు మీదికి ఒరిగిన ఆకుది. కప్ప కనబడలేదు. ఆయన రోజూ పొద్దున కాఫీ గ్లాసుతో వచ్చి దాన్ని చూసి వెళతారట.

వెళ్లేవారికి నాలుగు మాటలు. మొదటి ప్రయాణమైతే అంబోలీ, మూడు రాత్రులు చాలు. రకాలు ఎక్కువ చూడాలంటే కొడగు, అదీ మందు కొట్టని కాఫీ తోటలో. ఆగుంబె వాన కోసం, మనుషుల కోసం వెళ్లవలసిన చోటు. గది తీసుకునేముందు కిటికీ నుంచి ఏం కనిపిస్తుందని అడగకండి, రాత్రి లైట్లు ఆర్పుతారా, తోటకు మందు కొడతారా అని అడగండి. జలగలకు మోకాలి దాకా వచ్చే మందపాటి గుడ్డ మేజోళ్లు సరిపోతాయి. ఉప్పు చల్లవద్దు, అది కప్పల మీదా పడుతుంది. కెమెరా ఫ్లాష్ వరసగా కొట్టకండి.

ఇంటికి వచ్చిన వారానికి మా అమ్మకు ఫోను చేసి ఈ కబుర్లన్నీ అమ్మాయే చెప్పింది. ఆగస్టులో ఒక సాయంత్రం అమ్మే ఫోను చేసింది. మనవరాలిని పిలవమంది. "గోలెం అంచున నురుగు పెట్టింది తల్లీ. నేను బోరింగు దగ్గర నీళ్లు పట్టుకుంటున్నాను. పనిమనిషికి కూడా చెప్పాను, గోలెం జోలికి వెళ్లొద్దని" అంది.