వర్టికల్ గార్డెన్ ప్యాకేజీ తీసుకుంటున్నారా? అడ్వాన్స్ కట్టే ముందు ఇది చదవండి

హైదరాబాద్‌లో ఇప్పుడు డాబా తోటలను ప్యాకేజీలుగా అమ్ముతున్నారు. గోడ నిండా మొక్కలు, నేల మీద ఆర్టిఫిషియల్ గ్రాస్, మధ్యలో ఇటుక మడులు, ఓ ఊయల, సాయంత్రం వెలిగే లైట్లు. ఫొటో చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. మేము రూ. 1,85,000కు ఒప్పుకుని 70 శాతం ముందే కట్టాం. ఫిబ్రవరిలో పని పూర్తయింది. మే వచ్చేసరికి గోడ సగం ఎండిపోయింది, కింద బెడ్‌రూమ్ సీలింగ్‌కి చెమ్మ దిగింది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు. వాళ్లు పని చేసిన తీరు మాత్రం పూసగుచ్చినట్టు చెబుతాను.

మాది పడమటి గోడ. మధ్యాహ్నం నుంచి పొద్దు కుంకేదాకా ఎండ సూటిగా కొడుతుంది. అక్కడ వాళ్లు పెట్టినవి ఫెర్న్‌లు, సింగోనియం, ఫిలోడెండ్రాన్, మనీ ప్లాంట్. అన్నీ నీడ మొక్కలే. నర్సరీ నుంచి వచ్చిన కొత్తలో నిగనిగలాడతాయి, వాళ్లు ఫొటోలు తీసుకునేదీ అప్పుడే. ఏప్రిల్లో ఆకుల అంచులు మాడుతున్నాయని ఫోన్ చేస్తే, "వేళ్లు పట్టుకుంటున్నాయి మేడమ్, కొంచెం ఆగండి, చిగురేస్తాయి" అన్నాడు సూపర్‌వైజర్.

ఓ ఎండిన మొక్కను కుండీలోంచి లాగి చూశాను. నర్సరీ నల్ల కవరు తీయనే లేదు! కవరుతో సహా కుండీలో దూర్చి, చుట్టూ కోకోపీట్ (కొబ్బరి పొట్టు) కుక్కారు. బ్లేడుతో కవరు కోస్తే లోపల ఎర్రమట్టి ముద్ద రాయిలా బిగుసుకుపోయి ఉంది. పైన కోకోపీట్ చేతికి తడిగా తగులుతోంది, వేళ్లున్న మట్టి మాత్రం ఎండిపోయింది. డ్రిప్ పైపు నుంచి చుక్కలుగా పడే నీళ్లు కవరు పక్కనుంచి జారి కిందికి పోతున్నాయన్నమాట. పక్కవాటిని కూడా తీసి చూస్తే చాలావాటిది ఇదే సంగతి. కవరు విప్పితే మట్టి రాలుతుంది, టైం పడుతుంది. అంత ఓపిక ఎవరికుంది, ఒక్క రోజులో గోడ నిండాలి కదా!

కొటేషన్‌లో 'ఆటోమేటిక్ ఇరిగేషన్' అని గొప్పగా రాశారు. వచ్చింది ఒక టైమర్, సన్నటి పైపు, డ్రిప్పర్లు. ఫిల్టర్ లేదు. లైన్ చివర విప్పి కడగడానికి ఎండ్ క్యాప్ కూడా లేదు. మాది బోరు నీళ్లు, బకెట్‌లో రెండు రోజులుంచితే అంచుకు తెల్లగా గార కడుతుంది. అదే గార డ్రిప్పర్ల మూతుల్లో పేరుకుంది. టైమర్ మాత్రం పొద్దునా సాయంత్రం టిక్కుమని మోగుతూనే ఉంటుంది, పై వరసకు చుక్క రాదు. బోరు నీళ్లతో డ్రిప్ పెట్టించుకునే ఎవరైనా ఇసుక, మట్టి ఆపే స్క్రీన్ ఫిల్టర్, లైన్ కడగడానికి ఎండ్ క్యాప్ లేకుండా ఒప్పుకోకండి. నీళ్లలో కరిగిన గారను ఫిల్టర్ ఆపదు, డ్రిప్పర్లు అప్పుడప్పుడు కడగాల్సిందే. అవి పెద్ద ఖర్చు కాదు, అయినా మిగుల్చుకున్నారు.

మొక్కలు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. అసలు భయం స్లాబ్ గురించి. ఆర్టిఫిషియల్ గ్రాస్‌ను కింద నీళ్లు జారిపోవడానికి వేసే డ్రైనేజ్ మ్యాట్ ఏమీ లేకుండా నేరుగా గచ్చు మీద అతికించారు. వాన నీళ్లు పోయే తూము మీదుగా కూడా పరిచేశారు. చెమ్మ కనిపించాక ఓ మూల ఎత్తి చూస్తే అడుగున నల్లటి జిగురు, మురుగు కంపు, నిలిచిన నీళ్లు. గోడకున్న మొక్కల నీళ్లు రోజూ అక్కడికే చేరుతున్నాయి. వాటర్‌ప్రూఫింగ్ చేశామని బిల్లులో ఉంది. చూడ్డానికి వచ్చిన మేస్త్రి అయితే, "ఇక్కడ ఒక పూత రంగు కొట్టారమ్మా, అంతే" అన్నాడు.

ఇక మడులు. స్లాబ్ నట్టనడుమ అడుగున్నర ఎత్తు ఇటుకలు కట్టి ఎర్రమట్టి నింపారు. మనుషులు తిరిగే డాబాకు ఐఎస్ 875 (భవనాలు మోయాల్సిన బరువుల గురించిన భారతీయ ప్రమాణం) ప్రకారం లెక్కలోకి తీసుకునే అదనపు బరువు చదరపు మీటరుకు 150 కిలోలు. తడిసిన మట్టి ఒక్క అడుగు లోతుకే చదరపు మీటరుకు దాదాపు 500 కిలోలు తూగుతుంది. ఇటుకల బరువు వేరే. మా ఇంటి ప్లాన్ వేసిన ఇంజినీర్ చూసి ముందు ఆ మట్టి తీయించమన్నారు, తీయించేశాం. మడులు కావాలంటే కింద బీములు, గోడలు ఉన్నచోట పెట్టాలి, మట్టి తగ్గించి కోకోపీట్, కంపోస్ట్ ఎక్కువ కలపాలి. ఏళ్ల తరబడి మిద్దె తోటలు పెంచుతున్నవాళ్లకు ఇది కొత్త విషయమేం కాదు. 'డిజైన్ టీం' అని కార్డులిచ్చినవాళ్లు మాత్రం మా స్లాబ్ మందం ఎంతో కూడా అడగలేదు.

ఏడాది వారంటీ ఉంది కదా అనుకుంటారు. కాగితం వెనక సన్న అక్షరాల్లో 'వాతావరణం వల్ల ఎండిన మొక్కలకు వర్తించదు' అని ఉంది. హైదరాబాద్ ఎండల్లో ఇంక దేనికి వర్తిస్తుందో వాళ్లకే తెలియాలి. కొటేషన్‌లో 18 శాతం జీఎస్టీ వేశారు, ఇచ్చిన రసీదు మీద జీఎస్టీ నంబరే లేదు. ఇప్పుడు వాట్సాప్‌లో నీలం టిక్కులు పడతాయి, జవాబు రాదు.

మీరు ఎవరితో మాట్లాడుతున్నా సరే, ఒక వేసవి దాటిన తోట చూపించమనండి. నెల క్రితం పెట్టింది కాదు, కిందటి మే నెలను తట్టుకుని నిలబడింది. ఆ ఇంటివాళ్లతో మీరే నేరుగా మాట్లాడండి. చూపించలేమంటే అక్కడితో ఆపేయండి. మొక్కల పేర్లు, ఏ వైపు గోడకు ఏవి పెడతారో రాతపూర్వకంగా తీసుకోండి. కనీసం 30 శాతం డబ్బు జూన్ దాకా ఆపుకుంటామని చెప్పండి. పని మీద నమ్మకమున్నవాళ్లు బేరమాడతారు కానీ పారిపోరు.

నాలాగే ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లుంటే: జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కట్టిన మొత్తం రూ. 5 లక్షల లోపైతే ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు, సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల గడువుంది. కొటేషన్, రసీదు, చాటింగ్, ఎండిన మొక్కల ఫొటోలు ఏవీ డిలీట్ చేయకండి. ఆ నల్ల కవర్లు కూడా నేను పారేయలేదు.

అడ్వాన్స్ కట్టేసి ఇంకా పని మొదలుకాని వాళ్లకు ఒక్క పని. గ్రాస్ పరవకముందే తూములు మూయించి, డాబా మీద రెండు అంగుళాల నీళ్లు 48 గంటలు నిలబెట్టమనండి. కింద గది సీలింగ్ మీరే చూసుకోండి. "అదంతా అక్కర్లేదు మేడమ్" అంటే బ్యాలెన్స్ ఇవ్వకండి.