వెబ్ మ్యాపుల కోర్సు కొనబోయేవారికి హెచ్చరిక: చివరికి చేతిలో ఏం మిగులుతుందో ముందే అడగండి

వెబ్ మ్యాపులు, జీఐఎస్ (స్థలాల సమాచారాన్ని మ్యాపులతో జోడించి విశ్లేషించే వ్యవస్థ) అప్లికేషన్లు తయారుచేయడం నేర్పుతామని ప్రకటించి, రుసుము మొత్తాన్ని ముందుగానే వసూలు చేసే ఒక ఆన్‌లైన్ శిక్షణ సంస్థలో చేరి, కోర్సును చివరిదాకా చూసిన తరువాత ఈ హెచ్చరిక రాస్తున్నాను. సంస్థ పేరు ఇక్కడ చెప్పడం లేదు. డబ్బు వాపసు గురించి వారితో ఉత్తరప్రత్యుత్తరాలు ఇంకా నడుస్తున్నాయి. పైగా ఇదే తరహా సరుకును ఇదే పద్ధతిలో అమ్మేవారు ఇంకా ఉన్నారు కనుక, కొనేవారికి పేరు కంటే లక్షణాలు తెలియడమే ఎక్కువ ఉపయోగకరమని నా అభిప్రాయం.

కోర్సు ముగిసేసరికి మీకంటూ ఒక జీఐఎస్ అప్లికేషన్ ఉంటుందని ప్రకటనలో రాశారు. నిజానికి విద్యార్థులు చేసిన మ్యాపులన్నీ ఆ సంస్థ ఖాతాలో, ఆ సంస్థ సర్వర్‌పై, ఆ సంస్థ తీసుకున్న ఏపీఐ కీతోనే, అంటే మ్యాపు సేవను వాడుకోవడానికి ఖాతాదారుకు ఇచ్చే గుర్తింపు సంకేతంతోనే నడిచాయి. కోర్సు గడువు తీరగానే వారు ఆ కీని రద్దు చేశారు. దానితో నేను ఉద్యోగ దరఖాస్తుల్లో పెట్టుకున్న మ్యాపు లింకు తెరిస్తే బూడిదరంగు గళ్లు తప్ప మరేమీ కనిపించని స్థితి వచ్చింది. మ్యాపు చిత్రాలను, అంటే టైల్స్‌ను, బ్రౌజర్ అడిగిన ప్రతిసారీ కీ కూడా వెంట వెళ్తుంది. ఆ కీ ఎవరి ఖాతాదో మ్యాపు ప్రాణం వారి చేతిలో ఉన్నట్లే. ఈ సంగతి తెలిసిన బోధకుడు ఎవరైనా మొదటి వారంలోనే విద్యార్థి చేత సొంత కీ తీయించి, అది ఆ విద్యార్థి వెబ్‌సైటు చిరునామా నుంచి మాత్రమే పనిచేసేలా పరిమితి పెట్టించి, రోజువారీ వినియోగానికి హద్దు కూడా వేయిస్తాడు. ఇక్కడ ఆ మాటే రాలేదు. కీని నేరుగా జావాస్క్రిప్ట్‌లో రాయించి, ఏ పరిమితీ లేకుండా వదిలేశారు. బ్రౌజర్‌కు చేరిన కీని పేజీ కోడ్ తెరిచి ఎవరైనా చదవగలరు కాబట్టి దాన్ని దాచడం సాధ్యం కాదు, పరిమితులు పెట్టడమే మార్గం. గూగుల్ మ్యాప్స్ 2018 నుంచి కీతో పాటు బిల్లింగ్ ఖాతాను కూడా తప్పనిసరి చేసింది. అటువంటి ఖాతా కీని ఈ పాఠంలో చూపినట్లు వాడితే, ఎవరో చేసిన వినియోగానికి మనకు బిల్లు వస్తుంది.

రెండవ ఫిర్యాదు పాఠాల వయసు గురించి. వీడియోలను ఎప్పుడు రికార్డు చేశారో ఎక్కడా రాయలేదు గానీ, వాటిలోని విషయమే ఆ గుట్టు బయటపెడుతుంది. గూగుల్ 2019 డిసెంబరులో మూసివేసిన ఫ్యూజన్ టేబుల్స్ అనే డేటా పట్టికల సేవపై ఒక పాఠం ఇప్పటికీ అదనపు కానుకగా జాబితాలో ఉంది. స్టామెన్ అనే సంస్థ టైల్స్ పాత చిరునామాలు 2023లోనే పనిచేయడం మానేశాయి; అభ్యాసాల్లో ఇప్పటికీ అవే ఉన్నాయి. వెబ్ మ్యాపులు చూపే లైబ్రరీల్లో (సిద్ధంగా దొరికే కోడ్ సంపుటాల్లో) ఒకటైన ఓపెన్‌లేయర్స్ కోడ్‌ను 2014లో మూడవ వెర్షన్‌తో సమూలంగా తిరగరాశారు. ఈ పాఠాలు మాత్రం రెండవ వెర్షన్ రీతిలోనే సాగుతాయి. మ్యాప్‌బాక్స్ జీఎల్ లైబ్రరీ పూర్తిగా ఓపెన్ సోర్స్ (ఎవరైనా స్వేచ్ఛగా వాడి మార్చుకోగల కోడ్) అని బోధకుడు చెబుతాడు. 2020 డిసెంబరులో వచ్చిన రెండవ వెర్షన్‌తో దాని లైసెన్సు మారిందనీ, అంతకుముందరి కోడ్ నుంచి మ్యాప్‌లిబ్రే అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ విడిగా పుట్టిందనీ ఆయన పాఠానికి తెలియదు. పాతదంతా పనికిరాదని నేను అనడం లేదు: లీఫ్‌లెట్ అనే మ్యాపు లైబ్రరీ 2011 నాటిది, దాని ప్రాథమిక పద్ధతులు ఇప్పటికీ అలాగే ఉన్నాయి, గుండ్రని భూమిని చదునుగా చూపే ప్రొజెక్షన్ల గణితానికి కాలదోషం పట్టదు. అయితే పాఠంలోని కోడ్ నడవడం లేదని అడిగినవారికి చిరునామా మీరే మార్చుకోండి అన్న ఒక్క వాక్యం జవాబుగా ఇచ్చి ఊరుకోవడం శిక్షణ అనిపించుకోదు.

అన్నిటికంటే పెద్ద లోపం కోఆర్డినేట్ల, అంటే స్థలాన్ని సూచించే అంకెల దగ్గర ఉంది. కొనబోయేవారు ఈ ఒక్క విషయాన్ని పరీక్షించినా కోర్సు నాణ్యత చాలావరకు తెలిసిపోతుంది. మ్యాపు డేటాను ఫైలుగా రాసే జియోజేసన్ పద్ధతికి ప్రమాణం, అంటే 2016లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 7946 అనే పత్రం, ముందు రేఖాంశం, తరువాత అక్షాంశం రాయమంటుంది. లీఫ్‌లెట్‌లో నేరుగా ఒక బిందువును పెట్టేటప్పుడు ముందు అక్షాంశం, తరువాత రేఖాంశం ఇవ్వాలి. ఈ తేడా చెప్పకపోతే నేలమీద ఉండవలసిన బిందువు సముద్రంలోనో మరో ఖండంలోనో తేలుతుంది. మా బోధకుడి సలహా ఏమిటంటే, మ్యాపులో కనిపించకపోతే రెండు అంకెలనూ అటూ ఇటూ మార్చి చూడమని.

అంతకంటే ప్రమాదకరమైనది విస్తీర్ణం కొలిచే అప్లికేషన్. అది ఈ కోర్సులో ప్రధాన ప్రాజెక్టు. వెబ్ మ్యాపుల్లో అధికభాగం వెబ్ మెర్కేటర్ అనే ప్రొజెక్షన్‌ను, అంటే ఈపీఎస్‌జీ అనే ప్రొజెక్షన్ల జాబితాలో 3857 సంఖ్య గలదాన్ని వాడతాయి. చతురస్రాకారపు టైల్స్‌గా ప్రపంచాన్ని కోయడానికి అది అనుకూలమే గానీ, భూమధ్యరేఖ నుంచి దూరం జరిగేకొద్దీ అది అన్నిటినీ సాగదీస్తుంది. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర పొడవు సుమారు రెట్టింపుగా, విస్తీర్ణం సుమారు నాలుగింతలుగా వస్తుంది. 30 డిగ్రీల దగ్గర కూడా విస్తీర్ణం దాదాపు మూడోవంతు ఎక్కువ చూపుతుంది. గ్రీన్‌ల్యాండ్ ఆఫ్రికాతో పోటీపడేంత పెద్దదిగా కనిపించడానికి కారణం ఇదే. ఆఫ్రికా నిజానికి దానికి సుమారు పద్నాలుగు రెట్లు పెద్దది. ఈ కోర్సు ప్రాజెక్టు ఆ సాగిన కోఆర్డినేట్లనే తీసుకుని, సమతలంపై గీసిన బొమ్మను కొలిచినట్లు కొలిచి, వచ్చిన అంకెను చదరపు మీటర్లుగా తెరమీద పెడుతుంది. అదే పాలిగన్‌ను (హద్దులు గీసిన ఆకారాన్ని) క్యూజీఐఎస్ అనే మ్యాపు సాఫ్ట్‌వేర్‌లో, భూమి వంపును లెక్కలోకి తీసుకునే దీర్ఘగోళ పద్ధతిలో కొలిస్తే చాలా తక్కువ వచ్చింది. ఈ తేడాను లెక్కతో సహా రాసి పంపితే, ఇది ప్రారంభకుల కోర్సు, అంత లోతు అవసరం లేదని జవాబిచ్చారు. భూమి కొలతను తప్పుగా చూపే అప్లికేషన్‌ను ప్రారంభకుడు తయారుచేసినా అనుభవజ్ఞుడు తయారుచేసినా దాన్ని నమ్మి వాడినవారికి జరిగే నష్టం ఒక్కటే.

పాఠ్యప్రణాళికలో మ్యాపు డేటాను భద్రపరిచే పోస్ట్‌జీఐఎస్, దాన్ని వెబ్‌కు అందించే జియోసర్వర్ పేర్లు పెద్ద అక్షరాలతో ఉన్నాయి. పాఠాల్లో వాటిని ఇన్‌స్టాల్ చేయడం చూపి ముగించారు. స్థలాన్ని బట్టి డేటాను వేగంగా వెతికే స్పేషియల్ ఇండెక్స్ గురించి గానీ, డేటాను ముక్కలుగా పంపే వెక్టర్ టైల్స్ గురించి గానీ ఒక్క మాట లేదు. భారీ జియోజేసన్ ఫైలును మొత్తంగా బ్రౌజర్‌లోకి దింపి, ఫోనులో పేజీ స్తంభించిపోతే నెట్‌వర్కును నిందించమన్నారు.

లైసెన్సుల పాఠం గురించి రాయడానికే సంకోచంగా ఉంది. స్వచ్ఛంద సేవకులు కలిసి తయారుచేసే ప్రపంచ మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా 2012 నుంచి ఓడీబీఎల్ అనే బహిరంగ డేటా లైసెన్సుపై లభిస్తోంది. దాన్ని వాడుకునేవారు మూలాన్ని కనిపించేలా పేర్కొనాలి. ఈ కోర్సులో, మ్యాపు మూలన ఉండే ఆ చిన్న వాక్యాన్ని పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్ కోడ్‌తో ఎలా మాయం చేయాలో అందం పేరిట నేర్పారు. ఆఫ్‌లైన్ మ్యాపు అనే మరో అభ్యాసంలో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సర్వర్ నుంచి టైల్స్‌ను మూకుమ్మడిగా దింపుకోమన్నారు. జూమ్ స్థాయి ఒకటి పెరిగిన ప్రతిసారీ టైల్స్ సంఖ్య నాలుగింతలవుతుంది. పదవ స్థాయికే ప్రపంచమంతటికీ 10,48,576 టైల్స్ అవసరం. విరాళాలతో నడిచే ఆ సర్వర్ల వినియోగ నియమాలు ఇలాంటి దింపుడును స్పష్టంగా నిషేధిస్తున్నాయి, ఉల్లంఘించినవారికి సేవ ఆపేసే హక్కును కూడా అట్టిపెట్టుకున్నాయి.

ఇన్ని లోపాలున్నా డబ్బు వాపసు ఎందుకు రాలేదంటే, పాఠాలు తెరుచుకునే క్రమాన్నే అందుకు తగినట్లు అమర్చారు. పాఠాలు వారానికి కొన్ని చొప్పున మాత్రమే తెరుచుకుంటాయి. మొదట వచ్చేవి హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ పాఠాలు, అవి నిజంగానే బాగున్నాయని ఒప్పుకోవాలి. మ్యాపుల భాగం తెరుచుకునేసరికి వాపసు గడువు దాటిపోయి ఉంటుంది. చివర ఇచ్చే ధ్రువపత్రంపై ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్ల పేర్లు ఉన్నా, ఆ సాఫ్ట్‌వేర్లను తయారుచేసినవారు ఇచ్చే అధికారిక ధ్రువీకరణతో దానికి ఏ సంబంధమూ లేదు.

కాబట్టి ఇటువంటి కోర్సు కొనేముందు, మొదటి పాఠం నమూనా చూసి తృప్తిపడకుండా, మధ్య భాగం నుంచి ఒక పాఠం చూపమని అడగండి. ప్రొజెక్షన్ల పాఠమైతే మరీ మంచిది. ఏ లైబ్రరీ, ఏ వెర్షన్, ఎప్పుడు రికార్డు చేశారు అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. కీ ఎవరిది, కోడ్ మొత్తాన్ని దింపుకోవచ్చా, కోర్సు ముగిశాక అప్లికేషన్‌ను మీ సొంత సర్వర్‌పై నడపవచ్చా అన్న ప్రశ్నలకు సూటిగా జవాబు రాకపోతే అక్కడే ఆగిపోండి. లీఫ్‌లెట్, మ్యాప్‌లిబ్రే, ఓపెన్‌లేయర్స్ వెబ్‌సైట్లలోని ఉదాహరణలు, క్యూజీఐఎస్ శిక్షణ పుస్తకం, పోస్ట్‌జీఐఎస్ పరిచయ వర్క్‌షాప్ ఇప్పటికే ఉచితంగా దొరుకుతున్నాయి. డబ్బు తీసుకునేవారు వాటికంటే అదనంగా ఏమిస్తారో చెప్పగలగాలి. నా దృష్టిలో ఆ అదనం ఒక్కటే, అనుభవమున్న మనిషి మీ కోడ్‌ను చదివి తప్పులు చూపడం; మాకు అది ఒక్కసారి కూడా జరగలేదు.

ఇప్పటికే చేరిపోయినవారు కొన్న రోజు నాటి ప్రకటన, పాఠ్యప్రణాళిక, వాపసు నియమాల తెరచిత్రాలను తేదీలతో సహా భద్రపరచుకోండి. నేను మొదటి ఫిర్యాదు పంపిన తరువాత పాఠ్యప్రణాళిక పేజీ నుంచి పోస్ట్‌జీఐఎస్ వరుస నిశ్శబ్దంగా మాయమైంది. ముందే తీసిపెట్టుకున్న పాత ప్రతే ఇప్పుడు నాకున్న ఆధారం. మీరు గీసిన డేటాను జియోజేసన్‌గా, కోడ్‌ను ఫైళ్లుగా కోర్సు గడువు తీరకముందే దింపుకోండి. కార్డు ద్వారా చెల్లించినవారు అభ్యంతరం చెప్పడానికి ఎంత గడువుందో మీ బ్యాంకును వెంటనే అడగండి, ఎందుకంటే సంస్థ జవాబుల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఆ గడువు కూడా దాటిపోతుంది. నాకు వచ్చిన తాజా జవాబులో, డబ్బుకు బదులుగా వారి తరువాతి కోర్సుపై రాయితీ ఇస్తామన్నారు. దాన్ని తిరస్కరించి, ప్రకటనలో చెప్పిన ఏ అంశం ఏ పాఠంలో ఉందో వరుసవారీగా చూపమని రాశాను.