పల్ప్ 'డిఫరెంట్ క్లాస్': అరగదీసి విన్నాక

బ్రిట్‌పాప్ (తొంభైల నాటి బ్రిటిష్ గిటారు పాప్) అంటే మనవాళ్లు ఒయాసిస్ బ్యాండు దగ్గర మొదలుపెట్టి ఒయాసిస్ దగ్గరే ఆగిపోతారు. గిటారు నేర్చుకునే ప్రతి కుర్రాడూ 'వండర్‌వాల్' మీద చెయ్యి తిప్పుకోవాల్సిందే. ఆ పాట మీద నాకేం కోపం లేదు. కానీ ఆ కాలం నుంచి ఒక్క ఆల్బమే ఉంచుకోమంటే మాత్రం పల్ప్ వాళ్ల 'డిఫరెంట్ క్లాస్' తీసుకుంటాను. 1995 అక్టోబర్ 30న విడుదలైంది. 12 పాటలు, 50 నిమిషాల పైమాటే. చదువుకోవడానికి ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ వచ్చిన కొత్తలో ఒక ఛారిటీ షాపులో చిల్లర డబ్బులకి దొరికింది నా సీడీ. తర్వాత ఇక్కడే ఉద్యోగం, ఇక్కడే సంసారం. ప్లాస్టిక్ డబ్బా పగిలితే మార్చాను గానీ డిస్కు అదే.

పల్ప్ ఈ ఊరి బ్యాండే. గాయకుడు జార్విస్ కాకర్ 1978లో, బడిలో ఉండగానే మొదలుపెట్టాడు. ఆ తర్వాత పదిహేనేళ్ల పాటు వాళ్లని పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు. మనుషులు మారారు, కంపెనీలు మారాయి, రికార్డులు వచ్చాయి, పోయాయి. జార్విస్‌కి అసలు పేరు వచ్చేసరికి ముప్పై దాటింది. ఈ ఆల్బమ్ ఇలా ఉండడానికి అదే కారణమని నా నమ్మకం. అద్దె గదుల్లో, నిరుద్యోగ భృతి మీద ఏళ్లు నెట్టుకొచ్చినవాడు, పక్కవాళ్లు పైకెళ్తుంటే కిటికీలోంచి చూస్తూ కూర్చున్నవాడు రాసుకున్న పాటలివి. ఇరవై ఏళ్లవాడి దగ్గర ఆ కసి ఉండొచ్చు, ఈ వెటకారం మాత్రం ఉండదు.

ముందు 'కామన్ పీపుల్' సంగతి. దాన్ని దాటి ఈ ఆల్బమ్ గురించి మాట్లాడటం ఎవరివల్లా కాదు. లండన్ సెయింట్ మార్టిన్స్ కాలేజీలో చదివే ఒక గ్రీకు అమ్మాయి, డబ్బున్న ఇంటి పిల్ల, మామూలు జనంలా బతికి చూడాలని ముచ్చటపడుతుంది. మనవాడు ఆమెని సూపర్‌మార్కెట్‌కి తీసుకెళ్తాడు. నీ దగ్గర డబ్బుల్లేవనుకో, అంటాడు. ఆమె నవ్వేస్తుంది. అక్కడి నుంచి పాట నడక మారుతుంది. మొదట్లో చౌక కీబోర్డు మోత మీద కబుర్లు చెబుతున్నట్టే ఉంటుంది గొంతు. డ్రమ్ములు వస్తాయి, వేగం కొంచెం కొంచెంగా పెరుగుతుంది. ఎప్పుడు పెరిగిందో తెలియదు. చివరికొచ్చేసరికి మాత్రం ఆయాసపడుతూ అరుస్తుంటాడు. నువ్వెన్ని వేషాలు వేసినా సరే, గోడ మీద బొద్దింకలు పాకే గదిలో పడుకున్నా సరే, నాన్నకి ఒక్క ఫోను కొడితే నీ కష్టం తీరిపోతుంది, మాకు ఆ ఫోను లేదు, అనేది దాని సారం. రేడియోలో వచ్చేది సింగిల్, అంటే విడిగా అమ్మడానికి కత్తిరించిన పాట. ఆల్బమ్‌లోని పూర్తి పాటే వినాలి. చివర్లో జాలి, దయ అన్నీ వదిలేసి కాటేసే ముక్క సింగిల్‌లో లేదు.

2023లో వాళ్లు మళ్లీ కలిసి షెఫీల్డ్ అరీనాలో వాయించినప్పుడు వెళ్లాను. ఆ కీబోర్డు మోత మొదలవ్వగానే హాలంతా లేచింది. యాభై దాటిన ఆడవాళ్లు చెప్పులు చేత్తో పట్టుకుని గంతులేశారు. నా పక్కనున్న పెద్దాయన అప్పటిదాకా చేతులు కట్టుకుని నిలబడ్డవాడల్లా వేలు చూపిస్తూ ఒక్కో మాటా నమిలి ఉమ్మేస్తున్నట్టు పాడాడు. నాకప్పుడు ఒకటి తట్టింది. ఇన్ని వేలమందిలో ఆ గ్రీకు అమ్మాయి తరఫున పాడేవాళ్లు ఒక్కరూ లేరు. టికెట్ ధర చూస్తే అందరూ బీదవాళ్లేం కాదు. నేనూ నెలనెలా జీతం తీసుకునే సాఫ్ట్‌వేర్ మనిషినే. అయినా అందరం బాధితుల వైపే. జనానికి ఈ ఆల్బమ్ మీద ఇంత పిచ్చి ఎందుకంటే, నా లెక్కలో ఇందుకే. ఎవరి మనసులోనైనా పాతదో కొత్తదో ఒక చిన్నచూపు దెబ్బ ఉంటుంది కదా, దాన్ని పదిమందిలో, డ్యాన్సు చేస్తూ కక్కే వీలిస్తుందిది.

ఆ రోజు కచేరీ మొదలుపెట్టింది 'ఐ స్పై'తో. ఇళ్లలో, పార్టీల్లో ఎవరూ పెట్టుకోని పాట ఇది. గుసగుసలాడుతూ మొదలై, వయొలిన్ల మంద వెనక నుంచి ముంచుకొచ్చి, డబ్బున్న పేటలో ఒకాయన భార్యతో సంబంధం పెట్టుకుని పగ తీర్చుకుంటున్నానని చెప్పే పాట. ఎంత విన్నా నాకు ఇందులో వాడు గెలిచాడో, లేక ఇదంతా పగటికలో తెలియలేదు. రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. ఊపిరి శబ్దం కూడా చెవి పక్కనే ఉంటుంది. ప్రొడ్యూసర్ క్రిస్ థామస్ పనితనం అక్కడ తెలుస్తుంది.

'డిస్కో 2000' సంగతి వేరు. ఇక్కడి పెళ్లి పార్టీల్లో, ఆఫీసు క్రిస్మస్ పార్టీల్లో తప్పనిసరి. అందరూ కేరింతలు కొడతారు గానీ, కథ చూస్తే చిన్నప్పటి నుంచి ఇష్టపడ్డ పిల్ల తనని ఎప్పుడూ పట్టించుకోలేదని, పెద్దయ్యాక ఎక్కడైనా కలుద్దామని, నీ బిడ్డనీ తీసుకొచ్చుకో అని బతిమాలుకోవడం. పాట వచ్చినప్పుడు 2000 ఇంకా ఐదేళ్ల దూరంలో ఉంది.

'సమ్‌థింగ్ చేంజ్‌డ్' ఒక్కటే వెటకారం లేని ప్రేమపాట. బ్యాండులో బాస్ గిటారు వాయించే స్టీవ్ మాకీ 2023 మార్చిలో పోయాడు. ఆ ఏడాది కచేరీల్లో ఈ పాట అతనికే అంకితమిచ్చారు. పాటలో ఉన్నదల్లా, ఆ రాత్రి బయటికి వెళ్లకపోయుంటే మనం కలిసేవాళ్లమే కాదు కదా, అనే సాదా ఊహ.

'సార్టెడ్ ఫర్ ఈజ్ అండ్ విజ్' మీద అప్పట్లో డైలీ మిర్రర్ పత్రిక మొదటి పేజీలో రచ్చ చేసింది. సింగిల్ కవర్ మీద మత్తుమందు దాచుకునే కాగితం పొట్లం మడతపెట్టే బొమ్మలు వేశారని. పాట వింటే మత్తుని పొగిడినట్టు ఎక్కడా అనిపించదు. తెల్లారి పొలం మధ్యలో ఎవరూ తోడు లేక, ఇంటికెలా పోవాలో తెలియక బిక్కమొహం వేసినవాడి గోడు అది.

తక్కువ మార్కులు 'లైవ్ బెడ్ షో'కి. ఈడ్చుకుంటూ పోతుంది. 'మండే మార్నింగ్' వేరే ఏ ఆల్బమ్‌లో ఉన్నా ఫర్వాలేదనిపించేది, ఇక్కడ తేలిపోయింది. ఇంకోమాట, ఇది ఇంటిల్లిపాదీ వినేది కాదు. 'పెన్సిల్ స్కర్ట్', 'అండర్‌వేర్' పేర్లే చెబుతాయి. విజయవాడ నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు కారులో పెట్టినా ఇబ్బంది లేదు, జార్విస్ ఉచ్చారణ వాళ్లకి అందదు. ఇక్కడే పుట్టిన మా అమ్మాయికి అందుతోంది, అదీ చిక్కు. పాటలు వింటూ సాహిత్యం చదవొద్దని బుక్‌లెట్‌లో మర్యాదగా ఒక సూచన ఉంటుంది. నేను మాట వినలేదు. కొత్తలో ఆ పుస్తకం లేకపోతే నాకూ సగం మాటలు పోయేవి.

ఇక కొనాలనుకునేవాళ్లకి. తొలి కాపీలతో రెండువైపులా ముద్రించిన ఆరు కార్డులు వచ్చాయి. నచ్చిన బొమ్మని ముందు పెట్టుకోవచ్చు. బ్యాండు వాళ్ల నలుపు తెలుపు అట్టబొమ్మల్ని మామూలు జనం మధ్య నిలబెట్టి తీసిన ఫొటోలు. అందులో నిజమైన పెళ్లి ఫొటో ఒకటి, బంధువుల మధ్య వీళ్లు అట్టముక్కలై నించుంటారు. సెకండ్ హ్యాండ్ కొంటే కార్డులన్నీ ఉన్నాయో లేదో ముందే అడగండి. పాత ఎల్‌పీ (వినైల్ రికార్డు) ఒకటి పోస్టులో తెప్పించుకుంటే నాకు ఖాళీ కవరు వచ్చింది. కార్డులేవండీ అంటే అమ్మినాయన నుంచి జవాబే లేదు. పైగా ఇన్ని నిమిషాల పాటల్ని ఒక్క డిస్కులో కుక్కడం వల్ల ఆ ఎల్‌పీలో శబ్దం పలచగా ఉంటుంది, 'ఐ స్పై'లో వయొలిన్లు నీరసపడతాయి. 2025లో ముప్పై ఏళ్ల ఎడిషన్‌లో రెండు డిస్కులు చేశారు, 1995 గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవంలోని కచేరీ కూడా జతచేశారు. స్టోన్ రోజెస్ బ్యాండు గిటారిస్టు కాలర్‌బోన్ విరగ్గొట్టుకుంటే చివరి నిమిషంలో వీళ్లని పిలిచిన కచేరీ అది. అప్పటికింకా ఆల్బమ్ రాలేదు, అయినా 'కామన్ పీపుల్'ని జనం ఎంత గట్టిగా పాడారో వినడానికైనా అది కొనొచ్చు. డబ్బు పెట్టలేనివాళ్లకి మామూలు పాత సీడీ చాలు.