కుమాసిలో సాక పోసిన ఉదయం

ఘనా వెళ్ళినవాళ్ళు చాలామంది అక్రా, కేప్ కోస్ట్ కోట చూసుకుని వచ్చేస్తారు. కుమాసికి కూడా రెండు రాత్రులు పెట్టుకోండి, అదీ అక్కడి అసాంతె ప్రజల అక్వాసిదే పండగ కలిసొచ్చేలా. 42 రోజులకోసారి ఆదివారం నాడు వస్తుంది. తేదీ చూసుకున్నాకే టికెట్లు తీయండి. అక్రా నుంచి సుమారు 250 కిలోమీటర్లు. ఏసీ బస్సులో ఆరు గంటలు పట్టింది, ఇబ్బందేమీ లేదు.

అంతకుముందు అక్రాలో ఒక ట్రావెల్స్ వాళ్ళు లిబేషన్, అంటే దేవుణ్ణీ పెద్దల్నీ తలుచుకుని నేల మీద మందు సాక పోయడం, చూపిస్తామని డబ్బు కట్టించుకున్నారు. హోటల్ లాన్‌లో పది నిమిషాల్లో అయిపోయింది. ఫొటోల కోసం రెండోసారి కూడా పోయించారు. నాకు చాలా బాధేసింది. దయచేసి అలాంటి ప్యాకేజీలు తీసుకోకండి.

కుమాసిలో మేం దిగిన గెస్ట్‌హౌస్‌లో నీళ్ళు పొద్దున రెండు గంటలే వచ్చేవి. బకెట్లు నింపి పెట్టుకోవాల్సి వచ్చింది. అయినా మళ్ళీ వెళ్తే అక్కడే దిగుతాను. పండగ పొద్దున ఆ గెస్ట్‌హౌస్ ఆంటీ మమ్మల్ని వాళ్ళ పుట్టింటికి తీసుకెళ్ళారు. అసాంతెలతో సహా అకాన్ జాతివాళ్ళకు వంశం తల్లి వైపు నుంచే.

ఇంటి పెద్దాయన చెప్పులు విడిచి, భుజం మీది బట్ట కిందికి దించారు. కుడిచేత్తో గ్లాసు పట్టుకుని ముందు న్యామేను, అంటే పైనున్న దేవుణ్ణి పిలిచారు. తర్వాత భూదేవి అసాసే యా. ఆ తర్వాత పోయిన పెద్దలు, ఒక్కొక్కరినీ పేరు పెట్టి. ప్రతి పేరుకూ 'న్సా' అంటూ కొద్దికొద్దిగా ష్నాప్స్ అనే మందు నేల మీద పోశారు. న్సా అంటే తాగేది. ఎర్రమట్టి తడిసిన చోట చిన్న గుంట పడింది. పిల్లల చదువులు, ఒంట్లో బాగోలేని కోడలు, అన్నీ చెప్పుకున్నారు. చివర్లో మా చెడు కోరేవాళ్ళు పడిపోవాలని కూడా అన్నారు. మిగిలింది అందరికీ తలా గుక్క.

పోచమ్మ గుడి ముందు మా నానమ్మ కల్లు సాక పోస్తూ ఇంటిల్లిపాదినీ చల్లగా చూడమని మొక్కేది. ఆంటీకి ఆ మాట చెబితే నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

తర్వాత మన్హియా ప్యాలెస్‌కు వెళ్ళాం. పొద్దున్నే వెళ్తేనే నీడలో చోటు దొరుకుతుంది. అసాంతెహెనే, అంటే అసాంతెల రాజు, గొడుగుల కింద కూర్చుంటారు, ఫొంటోమ్‌ఫ్రోమ్ డప్పులు గుండెల్లో మోగుతాయి. సింహాసనాల గదిలో జరిగే పూజకు మాత్రం బయటివాళ్ళను రానివ్వరు. అడగొద్దు కూడా. మ్యూజియం తప్పకుండా చూడండి. సీషెల్స్ ప్రవాసం నుంచి 1924లో తిరిగొచ్చిన మొదటి ప్రెంపే రాజు కోసం 1925లో కట్టిన ఇల్లది.

శాకాహారులు 'రెడ్ రెడ్' అడగండి, బొబ్బర్ల కూర, వేయించిన అరటిపండు. చేప వెయ్యొద్దని ముందే చెప్పండి.

ఎవరైనా ఇంటికి పిలిస్తే ష్నాప్స్ సీసా ఒకటి పట్టుకెళ్ళండి, ఎడమచేత్తో మాత్రం ఇవ్వొద్దు. మేం తెచ్చిన సీసానే పెద్దాయన ఆ పొద్దున తెరిచారు.