ఔలంకా అడవిలో ఉచిత బస, రుకాలో 173 యూరోల అదనపు బిల్లు

ఉత్తర ఫిన్లాండ్‌లోని టైగా అడవులు, అంటే చలిదేశాల సూదిఆకుల చెట్ల అడవులు, చూడాలనుకునే మనవాళ్లలో చాలామంది డిసెంబరులో రొవానియెమి వెళ్లి, మంచునూ శాంతాక్లాజ్ గ్రామాన్నీ చూసి వచ్చేస్తారు. అడవిని అడవిగా చూడాలంటే సెప్టెంబరులో, రష్యా సరిహద్దును ఆనుకొని ఉన్న కూసమో ప్రాంతానికి వెళ్లాలని నేను గట్టిగా చెబుతాను. అయితే బస విషయంలో మాకు జరిగిన అన్యాయం మరొకరికి జరగకూడదన్నదే ఇది రాయడానికి అసలు కారణం.

హెల్సింకి నుంచి విమానం, కూసమోలో అద్దె కారు, రెండూ ఏ ఇబ్బందీ లేకుండా దొరికాయి.

రుకా స్కీ కేంద్రం దగ్గర ఒక కాటేజీకి రాత్రికి 118 యూరోల చొప్పున రెండు రాత్రులకు 236 యూరోలు ముందుగానే చెల్లించాము. చీకటి పడ్డాక, నాలుగు డిగ్రీల చలిలో తలుపు ముందు నిలబడి తాళం కోడు కోసం ఎదురుచూస్తుంటే, కోడుకు బదులు ఫోనుకు మరో బిల్లు వచ్చింది. దుప్పట్లకు, తువ్వాళ్లకు మనిషికి 22 యూరోల చొప్పున ముగ్గురికి 66, చివరి రోజు శుభ్రం చేయించినందుకు 95, కట్టెల సంచికి 12, మొత్తం 173 యూరోలు కడితేనే కోడు పంపుతామన్నారు కాటేజీవాళ్లు. ఫిన్లాండ్ కాటేజీలలో పక్కబట్టలకూ శుభ్రతకూ వేరుగా తీసుకోవడం మామూలే. దానిపై నాకు అభ్యంతరం లేదు. ఆ మొత్తాన్ని ప్రకటనలో చూపకుండా, కట్టెలు ఉచితమని రాసి మరీ గుమ్మం దగ్గర వసూలు చేయడం మాత్రం మోసమే. ఫోను చేస్తే, ఇక్కడ అందరూ ఇస్తారని ఒక్క మాట అని పెట్టేశారు. కట్టి లోపలికి వెళితే పెనానికి పాత జిడ్డు, స్నానాలగది జాలీలో వెంట్రుకలు. హైదరాబాదు నుంచి ఎంతో ఉత్సాహంగా వచ్చిన మా బావమరిది ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడకుండా పడుకున్నాడు. నా భార్య మాత్రం ప్రతి గదినీ ఫోటో తీసింది.

మరునాడు యూమా అనే ఊరి నుంచి 12 కిలోమీటర్ల పియెని కర్హున్‌కియెర్రోస్ బాట పట్టాము. 1956లో ఏర్పడిన ఔలంకా జాతీయ ఉద్యానంలోని బాట ఇది. ఫిన్లాండ్ జాతీయ ఉద్యానాలకు ప్రవేశ రుసుము లేదు. కిత్కా నది మీద వేలాడే వంతెనలు దాటి, మ్యుల్లుకోస్కి అనేచోట నది ఉరవడిగా పారే ఒడ్డున ఉన్న పాత పిండిమర చూసి, యురవా జలపాతం చేరేసరికి బావమరిది మొహంలో నవ్వు తిరిగి వచ్చింది. బర్చ్ ఆకులు పసుపు తిరుగుతున్నాయి, నేలంతా ఎర్రని లింగన్‌బెర్రీలు. ఆ పండ్లు ఎవరైనా కోసుకోవచ్చన్నది ఆ దేశంలో ప్రజల హక్కు.

ఈ అడవిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నవి చచ్చిపోయిన చెట్లు. చనిపోయాక కూడా పైన్ చెట్లు బెరడు రాలి, వెండిరంగు తిరిగి, దశాబ్దాల తరబడి నిటారుగా నిలబడి ఉంటాయి. వాటిని అక్కడ కేలో అంటారు. చలికి కుళ్లడం నెమ్మదిగా సాగుతుంది కనుక, ఆ మోళ్లమీదా పడిపోయిన మానులమీదా బ్రతికే పుట్టగొడుగులకూ పురుగులకూ చాలాకాలం ఆధారం దొరుకుతుంది. కలప కోసం పెంచే అడవుల్లో ఇలాంటి చెట్లు బాగా తక్కువ. మా కాటేజీ ప్రకటనలో గొప్పగా రాసుకున్నది కూడా అసలైన కేలో దుంగల గోడలనే. ఆ దుంగలు అడవిలోనే ఉంటే బాగుండేదని నాకు అనిపించింది.

జలపాతం దగ్గరే సీలస్తుపా అనే చెక్క గుడిసె ఉంది. ఇలాంటివాటిని ఔతియోతుపా అంటారు: తాళం లేదు, బుకింగ్ లేదు, అద్దె లేదు; బాటసారులు ఒకటి రెండు రాత్రులు ఉండవచ్చు. చివరగా వచ్చినవారికే మొదటి హక్కు, ముందు చేరినవారు సర్దుకొని చోటివ్వాలి అన్నది అక్కడి పాత ఆచారం. మేము లోపలికి వెళ్లగానే అక్కడున్న ఫిన్నిష్ దంపతులు అడగకుండానే బల్లమీది సామాను తీసి చోటిచ్చారు. కట్టెలు అందుబాటులో ఉన్నాయి, నేల ఊడ్చి ఉంది. నా భార్య కట్టి తెచ్చిన పులిహోర అక్కడే తిన్నాము, వారికీ పెట్టాము. బయలుదేరేముందు ఆ పెద్దాయన తరువాత వచ్చేవారి కోసం కట్టెలు చీలుస్తుంటే బావమరిది కూడా గొడ్డలి అందుకున్నాడు. రాత్రి అక్కడే ఉందామని అతను పట్టుబట్టాడు కాని, మా దగ్గర స్లీపింగ్ బ్యాగులు లేవు.

వెళ్లేవారు స్లీపింగ్ బ్యాగు, నీళ్లు దిగని బూట్లు కొనడానికి వెనుకాడవద్దు. జూన్, జూలైలలో దోమలు విపరీతం కనుక ఆ నెలలు వద్దు. అక్కడి రెయిన్‌డీర్లు పెంపుడువే అయినా రోడ్లమీద స్వేచ్ఛగా తిరుగుతాయి; సాయంత్రం కారు నెమ్మదిగా నడపాలి. కాటేజీ తప్పనిసరి అయితే పక్కబట్టలు, శుభ్రత, కట్టెలు కలిపి మొత్తం ఎంతో డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా తెప్పించుకోండి. మా ఫిర్యాదుకు బుకింగ్ సంస్థ కట్టెల తాలూకు 12 యూరోలు మాత్రం వెనక్కి ఇచ్చింది. శుభ్రత కోసం తీసుకున్న 95 యూరోల గురించి, నా భార్య తీసిన ఫోటోలు జతచేసి మళ్లీ రాశాము.