డెబ్బై దాటిన వాళ్లకు వైద్యసేవా, వయ వందనా? అనంతపురంలో రెండూ వాడాక

ఎన్టీఆర్ వైద్యసేవ రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే ఉచిత వైద్య పథకం, ఆయుష్మాన్ వయ వందన డెబ్బై దాటినవాళ్లకు కేంద్రం ఇచ్చేది. రెండింటికీ ప్రీమియం లేదు. షుగరు, బీపీ ముందునుంచే ఉన్నా ఆగాల్సిన గడువూ లేదు. ఎన్టీఆర్ వైద్యసేవకు పరిమితి ఏడాదికి కుటుంబానికి 25 లక్షలు, ఆయుష్మాన్ వయ వందనకు 5 లక్షలు. ఈ అంకెలు చూసి మాత్రం తేల్చుకోవద్దు. ఆసుపత్రి నెట్‌వర్కులో ఉన్నంత మాత్రాన అన్ని విభాగాలకూ పథకం వర్తించదు. గుండెకు ఉంటుంది, ఎముకలకు ఉండకపోవచ్చు. అందుకే చేరకముందే ఆసుపత్రిలో పథకం పనులు చూసే వైద్యమిత్ర దగ్గరికి పోయి, చేయించుకోబోయే చికిత్స పేరు చెప్పి అడగాలి. "కార్డు నడుస్తుందా" అని అడిగితే నడుస్తుందనే అంటారు.

వైద్యసేవ ఏడాది ఆదాయం 5 లక్షల లోపు కుటుంబాలకు. వయ వందనకు ఆదాయంతో పని లేదు, ఆధార్‌లో 70 నిండితే చాలు. 2024 అక్టోబరు నుంచి ఇస్తున్నారు. భార్యాభర్తలిద్దరూ డెబ్బై దాటితే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపే. సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ఉద్యోగుల పథకం), ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల పథకం) ఉన్నవాళ్లు అదో, వయ వందనో ఏదో ఒకటే ఎంచుకోవాలి. ప్రైవేటు పాలసీ, ఈఎస్‌ఐ ఉంటే అడ్డులేదు. మన పల్లెల్లో ఎంతోమంది పెద్దోళ్లకు ఆధార్‌లో వయసు అంచనాగా రాసిందే. నిజానికి డెబ్బై మూడున్నా కార్డులో అరవై ఎనిమిదుంటే ముందు ఆధార్ సరిచేయించాల్సిందే.

వయ వందన కార్డు తీసేటప్పుడు ఎక్కువగా చిక్కుపడేది ఈకేవైసీ దగ్గర, అంటే ఆధార్‌తో మనిషిని సరిపోల్చే చోట. ఆధార్‌కు ఫోను నంబరు కలిపి ఉంటే ఓటీపీతో అయిపోతుంది. సేద్యం చేసిన చేతులకు వేలిముద్రలు అరిగిపోయి మిషను ఒప్పుకోదు; ఒత్తి ఒత్తి విసుగు తప్ప ఫలితముండదు. అప్పుడు ముఖం గుర్తింపు మేలు. ఆయుష్మాన్ యాప్‌తోపాటు ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ కూడా ఫోన్లో ఉండాలి. అవ్వనో తాతనో వాకిలి వైపు ముఖం పెట్టి కూర్చోబెట్టి, కళ్లద్దాలు తీయించి, తెరమీద చెప్పినప్పుడు నిదానంగా కళ్లార్పమనండి. వెలుతురు వీపు వెనక ఉంటే ఎన్నిసార్లు తీసినా తిరగ్గొడుతుంది.

అనంతపురం వాళ్లకు బెంగళూరు దగ్గర కాబట్టి వయ వందన అక్కడ ఉపయోగపడొచ్చు. దేశంలో ఎక్కడైనా నమోదైన ఆసుపత్రిలో చెల్లుతుంది. బయలుదేరే ముందు ఆయుష్మాన్ హెల్ప్‌లైన్ 14555కు ఫోను చేసి ఆ ఆసుపత్రి, ఆ విభాగం రెండూ అడగండి. జిల్లాలోనే చూపించుకునేదైతే వైద్యసేవే నయం. దాని గురించి సందేహముంటే 104కు ఫోను చేయండి.

ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరిన రోజే స్కానింగుకు డబ్బు కట్టమన్నారు. వయ వందనలో చేరేముందు 3 రోజుల పరీక్షలు, డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందులు ప్యాకేజీలోవే. వాటికి డబ్బు అడిగితే రసీదివ్వమనండి, చాలాచోట్ల ఆ మాటతోనే వెనక్కి తగ్గుతారు. రెండు కార్డుల్లోనూ నెలనెలా వేసుకునే షుగరు, బీపీ మాత్రలకు పైసా రాదు. వాటికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం, లేదంటే జనఔషధి దుకాణమే దారి.