గెత్సేమనేలో ఆ ప్రార్థన విన్నదెవరు? త్రిత్వం, ఏకత్వం, అరియస్ బోధల్లో ఏది మేలు

సండే స్కూల్లో పిల్లలకు త్రిత్వం, అంటే తండ్రి, కుమారుడైన యేసు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడనే బోధ, చెప్పాల్సి వచ్చినప్పుడు నేనూ అందరిలాగే నీళ్ల ఉదాహరణే ఎత్తుకున్నాను. గడ్డకడితే మంచు, కాగితే ఆవిరి, ఏదైనా నీళ్లే కదా, దేవుడూ అంతే అన్నాను. ముందు వరసలో కూర్చున్న ఓ పాప చెయ్యెత్తింది. "మంచు అయిపోయాక నీళ్లు ఉండవు కదా? మరి గెత్సేమనే తోటలో యేసయ్య ప్రార్థన చేస్తుంటే విన్నదెవరు?" నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి మత్తయి 26వ అధ్యాయం మళ్లీ చదివాను. "నా యిష్టప్రకారము కాదు, నీ చిత్తప్రకారమే" అని సిలువకు ముందు రాత్రి యేసు తండ్రితో అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అప్పటినుంచి ఈ విషయంలో ఎవరి బోధ విన్నా ముందు ఆ తోటలోకి తీసుకెళ్లి చూస్తున్నాను.

క్రైస్తవుల్లో ఈ ప్రశ్నకు ముఖ్యంగా మూడు జవాబులున్నాయి. దేవుడు ఒక్కడే, ఆ ఒక్క దైవత్వంలోనే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే ముగ్గురు ఉన్నారనేది త్రిత్వం. ఒకే దేవుడు తండ్రిగా, కుమారుడిగా, ఆత్మగా తనను తాను కనబరచుకున్నాడనేది ఏకత్వ బోధ. కుమారుడు అందరికంటే గొప్పవాడే గానీ ఆయనా సృష్టించబడినవాడేననేది అరియస్ బోధ.

అరియస్ నాలుగో శతాబ్దంలో అలెగ్జాండ్రియా సంఘంలో పెద్ద. ఆయన్ని కొట్టిపారేయడం సులువు, కానీ న్యాయం కాదు. "తండ్రి నాకంటె గొప్పవాడు" అని యేసే చెప్పాడు (యోహాను 14:28). కొలొస్సయులకు 1:15 ఆయన్ని "సర్వసృష్టికి ఆదిసంభూతుడు" అంటుంది. అరియస్ పక్షం ఇలాంటి వాక్యాల మీదే నిలబడింది. ఈనాటి యెహోవాసాక్షుల బోధ కూడా చాలావరకు ఈ దారిలోనే నడుస్తుంది. గెత్సేమనే ప్రశ్నకైతే వీళ్ల జవాబులో తికమకే లేదు: కుమారుడు అడిగాడు, తండ్రి విన్నాడు.

చిక్కు ఆరాధన దగ్గర వస్తుంది. తిరిగి లేచిన యేసును శిష్యుడు తోమా "నా ప్రభువా, నా దేవా" అన్నాడు, యేసు వద్దనలేదు. అరియస్ వర్గం వాళ్లు కూడా కుమారుణ్ణి ఆరాధించేవాళ్లు. అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్ వాళ్లను పట్టుకున్నది ఇక్కడే: సృష్టించబడినవాడైతే ఆయన్ని ఆరాధించడం సృష్టిని పూజించడం కాదా? తానూ సృష్టిలో ఒకడైనవాడు మనల్ని దేవుని దగ్గరికి ఎలా చేరుస్తాడు? దీనికి అరియస్ వైపునుంచి నాకు తృప్తినిచ్చే సమాధానం ఇప్పటికీ దొరకలేదు. "ఆదిసంభూతుడు" అన్న మాటకు కూడా మొదట పుట్టినవాడనే అర్థం ఒక్కటే కాదు. కీర్తన 89:27లో దేవుడు దావీదును జ్యేష్ఠకుమారునిగా చేస్తానంటాడు. దావీదు యెష్షయికి కడసారి కొడుకు. అక్కడ చెప్పింది వరస కాదు, హోదా.

325లో నైసియాలో కూడిన సంఘ నాయకుల సభ కుమారుడు తండ్రితో "ఒకే సారం" గలవాడని ఒప్పుకుంది. గ్రీకులో ఆ మాట హోమోఊసియోస్. తర్వాత కొందరు మధ్యేమార్గంగా హోమోయిఊసియోస్ అన్నారు, అంటే "పోలిన సారం". రెండింటికీ తేడా అయోటా అనే ఒకే ఒక్క అక్షరం. అక్షరం కోసం ఇంత గొడవా అని చాలామంది అంటారు. కానీ పోలిక ఎంత దగ్గరదైనా అద్దంలో మనిషి మనిషి కాడు. సిలువ మీద ఉన్నది దేవుడా, దేవుణ్ణి పోలినవాడా అన్నది ఆ అక్షరం మీదే ఆధారపడి ఉంది.

త్రిత్వాన్ని రోమా చక్రవర్తి కాన్‌స్టాంటిన్ సంఘం మీద రుద్దాడనే మాట తరచూ వింటుంటాం. నైసియా సభను పిలిపించింది ఆయనే, నిజమే. కానీ తర్వాత బహిష్కరణలో ఉన్న అరియస్‌ను వెనక్కి రప్పించిందీ ఆయనే. 337లో చనిపోయే ముందు బాప్తిస్మం తీసుకున్నది అరియస్‌ను సమర్థించిన నికొమేదియా బిషప్ యూసేబియస్ చేతిమీదుగా. ఆయన కొడుకు కాన్‌స్టాంటియస్ నైసియాకు వ్యతిరేక పక్షానే నిలిచాడు. నైసియా మాట వదలని అతనాసియస్ ఐదుసార్లు బహిష్కరణకు గురయ్యాడు, దాదాపు 17 ఏళ్లు తన సంఘానికి దూరంగా బతికాడు. 380లో థియోడోసియస్ చక్రవర్తి నైసియా విశ్వాసాన్ని చట్టం చేసిన సంగతి మాత్రం దాచకూడదు. అధికారం రెండు వైపులా చెయ్యి వేసింది. కాబట్టి ఎవరిది నిజమో రాజుల్ని చూసి తేల్చలేం.

ఇక ఏకత్వ బోధ. మూడో శతాబ్దం మొదట్లో రోమ్‌లో సబెల్లియస్ అనే బోధకుడి పేరుతో ముడిపడిన ఆలోచన ఇలాంటిదే. మన కాలానికి వస్తే, 1913లో లాస్ ఏంజెలెస్ దగ్గర జరిగిన పెంతెకోస్తు కూటాల తర్వాత యేసు నామంలోనే బాప్తిస్మం ఇవ్వాలనే ఉద్యమం మొదలైంది. 1916లో అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ అనే పెంతెకోస్తు సంఘం త్రిత్వాన్ని స్పష్టంగా ప్రకటించడంతో ఏకత్వాన్ని నమ్మిన సేవకులు బయటికి వచ్చేశారు. వీళ్ల బలం తక్కువది కాదు. ద్వితీయోపదేశకాండము 6:4 ప్రకారం దేవుడు ఒక్కడేనన్న మాటను ఏమాత్రం సడలనివ్వరు, క్రీస్తు దైవత్వాన్ని కూడా ఏమాత్రం తగ్గించరు. యేసుక్రీస్తు నామంలో బాప్తిస్మం పొందమనే అపొస్తలుల కార్యములు 2:38 వాళ్ల చేతిలోనే ఉంది. "నేనును తండ్రియును ఏకమై యున్నాము" అన్న మాటను గట్టిగా పట్టుకుంటారు. కానీ ఆ వాక్యాన్ని తెలుగులోనే నెమ్మదిగా చదవండి: "యున్నాము" అని ఉంది, "యున్నాను" అని లేదు. గ్రీకులోనూ అక్కడ ఉన్నది బహువచన క్రియే.

గెత్సేమనేకు వాళ్లిచ్చే జవాబు, యేసులోని మానవ స్వభావం దైవ స్వభావానికి ప్రార్థించిందని. నేను దీన్ని చాలా రోజులు సీరియస్‌గానే ఆలోచించాను. కానీ స్వభావం ప్రార్థించదు, వ్యక్తి ప్రార్థిస్తాడు. పైగా యోహాను 17:5లో యేసు "లోకము పుట్టకమునుపు నీయొద్ద నాకు ఏ మహిమ యుండెనో" అంటాడు. అప్పటికి ఆయనకు మానవ శరీరమే లేదు. అయినా "నీయొద్ద", "నాకు" అన్న ఇద్దరున్నారు. అదే అధ్యాయం 24వ వచనంలో జగత్తుకు పునాది పడక ముందే తండ్రి తనను ప్రేమించాడంటాడు. నా మట్టుకు నాకు ఏకత్వ బోధ ఆగిపోయింది ఇక్కడే.

అలాగని త్రిత్వం నమ్మడం ఉత్తినే కుదరదు, దానికీ ఖరీదుంది. ఆ మాట బైబిల్లో లేదు. లాటిన్‌లో దాన్ని వాడకంలోకి తెచ్చిన తొలి రచయితల్లో తెర్తుల్లియన్ ముఖ్యుడు. "ముగ్గురు వ్యక్తులు" అనగానే తెలుగు చెవికి ముగ్గురు వేర్వేరు మనుషులే తోస్తారు, వినేవాళ్లు ముగ్గురు దేవుళ్లా అని అడగడంలో తప్పులేదు. మనవాళ్లు చేసే తప్పు ఇంకొకటుంది. 1 యోహాను 5:7కి కొన్ని పాత అనువాదాల్లో పరలోకంలో ముగ్గురు సాక్షులున్నారనే వాక్యం చేర్చి ఉంటుంది. ఎరాస్మస్ అనే పండితుడు అచ్చువేసిన గ్రీకు కొత్త నిబంధన 1516, 1519 ముద్రణల్లో అది లేదు, 1522లో చేరింది. పాత గ్రీకు చేతిరాత ప్రతుల్లో లేని ఆ వాక్యంతో త్రిత్వాన్ని రుజువు చేయబోతే మన విశ్వాసానికి మనమే చెడ్డపేరు తెచ్చినట్టు.

అయినా మూడింట్లో త్రిత్వమే మేలంటాను. అరియస్ బోధలో ప్రార్థించేవాడు నిలుస్తాడు గానీ ఆరాధన కూలుతుంది. ఏకత్వంలో ఆరాధన నిలుస్తుంది గానీ ప్రార్థన వినేవాడు మాయమవుతాడు. త్రిత్వంలో అర్థం కానిది చాలానే మిగులుతుంది, కానీ ఏ వాక్యాన్నీ పక్కకు నెట్టాల్సిన పని పడదు. "తండ్రి నాకంటె గొప్పవాడు" అన్నది కూడా, దాసుని రూపం ధరించి తనను తగ్గించుకున్నవాడి నోటి మాటగా ఉన్నచోటే ఉంటుంది.

మరుసటి ఆదివారం నీళ్లూ మంచూ మానేసి మత్తయి 3వ అధ్యాయం ఆ పాప చేతే చదివించాను. నీళ్లలోంచి ఒడ్డుకు వచ్చినవాడు కుమారుడు, పావురంలా దిగినది ఆత్మ, ఆకాశం నుంచి వినిపించిన స్వరం తండ్రిది. "ముగ్గురూ ఒకేసారి ఉన్నారు" అంది. "మరి దేవుడు ఒక్కడేనా?" ఒక్కడే అన్నాను. అదెలాగో పూర్తిగా చెప్పలేనని కూడా అన్నాను. పాప కాసేపు పేజీవైపే చూసి, "ఈయనే నా ప్రియ కుమారుడు" అన్న మాటను మళ్లీ పైకి చదివింది.